మీ మొక్క, మీ వారం

నాటిన రోజు పార్కు నిండా జనం. ఫొటోలు, చప్పట్లు, వాట్సాప్ స్టేటస్‌లు. పది రోజుల తర్వాత ఆ మొక్క దగ్గరికి ఎవరొస్తారు?

మీరొస్తారు. రాగలరు కూడా!

నాయుడుపేటలో ఉంటున్నారా? ముందు మన ఊరి వానల క్యాలెండర్ గుర్తుపెట్టుకోండి. 1950లో కె.ఎం.మున్షీ మొదలుపెట్టిన వన మహోత్సవం జూలైలో వస్తుంది. దేశంలో చాలాచోట్ల అది వానల అదను. మనకు గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. జూలైలో నాటితే అప్పటిదాకా మీ చేతి నీళ్లే దిక్కు. జనవరి నుంచి మళ్లీ మీదే డ్యూటీ. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ కాస్తుంది, లేత వేరు ఎలా తట్టుకుంటుంది? నన్నడిగితే అక్టోబర్‌లోనే నాటండి. ఎండాకాలం వచ్చేసరికి వేరు కుదురుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. “అందరం చూసుకుందాం” అనడం ఈ రోజే మానేయండి. అందరి పని అంటే ఎవరి పనీ కాదు. ఒక మొక్క, ఒక పేరు, ఒక వారం. “ఈ కానుగ నాది, బుధవారం నాది.” ఇంత స్పష్టంగా ఉండాలి!

కొత్తగా టైమ్ వెతుక్కోవద్దు. రోజూ మార్నింగ్ వాక్‌కి వెళ్తారుగా? ఆ అలవాటుకే దీన్నీ ముడిపెట్టండి. బూట్ల పక్కనే నీళ్ల క్యాన్ పెట్టుకోండి.

మొక్క దగ్గర ఏం చేయాలి?

పాదులో వేలు గుచ్చి చూడండి. లోపల తడి ఉంటే నీళ్లు వద్దు. పొడిగా ఉంటే నెమ్మదిగా పోయండి. ఇంకనివ్వండి. మళ్లీ పోయండి. రోజూ పైపైన చిలకరిస్తే వేరు పైనే ఉండిపోతుంది. లోతుగా తడిపితే తేమ వెంట కిందికి దిగుతుంది. అందుకే చెంబుడు నీళ్లు పోసి పరుగెత్తొద్దు.

పాదులో ఎండుటాకులు పరవండి, కాండానికి తగలకుండా. ఊతకర్రకు పాత నూలుగుడ్డతో వదులుగా కట్టండి. ట్రీ గార్డ్ వంగితే అప్పుడే సరిచేయండి. మేక వచ్చిందంటే చిగురు మిగలదు.

ఒక మొక్క ఎండిపోయిందా? కుంగిపోవద్దు. కారణం చూడండి, అదే గుంతలో ఇంకోటి నాటండి. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్యగారు సైకిల్ మీద మొక్కలూ విత్తనాలూ పెట్టుకుని తిరుగుతూ నాటారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన ఏ కార్యక్రమం కోసమూ ఎదురుచూడలేదు. అదే పనిని మళ్లీ మళ్లీ చేశారు. ఆ పట్టుదల మీకూ వస్తుంది, నాకు సందేహం లేదు. మూడు ఎండాకాలాలు దాటించండి, ఆ తర్వాత మీ అవసరం బాగా తగ్గిపోతుంది.

ఈ సాయంత్రమే మీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి: మీ పేరు, మీ మొక్క, మీ వారం. మీరు ఊరెళ్తే నీళ్లు పోసే మనిషి పేరు కూడా.