పళ్ల లెక్క తప్పితే

పాలపళ్లు 20, శాశ్వత దంతాలు 32. ఇది అందరికీ నోటికొచ్చు. పరీక్షలో మార్కులు పోయేది తేడాల దగ్గరే. పై ముందుపళ్ల నడుమ మొలిచే శంకువు ఆకారపు అదనపు పన్ను మీసియోడెన్స్. కొన్ని పళ్లు అసలు పుట్టకపోతే హైపోడాన్షియా. జ్ఞానదంతాన్ని హైపోడాన్షియా లెక్కలో కలపరు. అది దవడలో చోటు చాలక ఇరుక్కుంటే ఇంపాక్షన్. పసివాడికి పైపళ్లు ముందొస్తే మేనమామకు గండమని కురవి అయినా కర్నూలు అయినా పెద్దలు బెంగపడతారు. నిజానికి వరుస మారిందంతే.

పళ్లపై గోధుమ రంగు మచ్చలు మాత్రం చాలాసార్లు నీళ్ల పుణ్యమే. ఎనామిల్ తయారయ్యే వయసులో, అంటే 8 ఏళ్లలోపు, ఫ్లోరైడ్ ఎక్కువైతే వస్తాయి. దేశంలో ఈ ఫ్లోరోసిస్‌ను 1937లో తొలిసారి గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో. చాలామంది నల్లగొండ అని పెట్టేస్తారు. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు.