బ్రెయిలీ పుటను తీర్చిదిద్దే వృత్తి: బెంగళూరులో తెలుగు యువతకు ఒక మార్గం

ముద్రిత పుస్తకాన్ని వేలికొసలతో చదివే పుస్తకంగా మార్చే పనిలో సాఫ్ట్‌వేర్ నెరవేర్చేది సగం బాధ్యత మాత్రమే. అక్షరాలను చుక్కలుగా మార్చడం దాని వంతు కాగా, శీర్షిక ఎక్కడ నిలవాలో, పేరా ఎక్కడ మొదలవాలో, పద్యపాదం ఎక్కడ విరగాలో నిర్ణయించి పుటను పఠనయోగ్యంగా తీర్చడం మనిషి వంతు. ఈ పని చేసేవారిని బ్రెయిలీ ట్రాన్స్‌క్రైబర్లు అంటారు. భాషపై పట్టు, కంప్యూటర్ పరిజ్ఞానం, ఓర్పు ఉన్న విద్యార్థులకు ఇది సమాజానికి నేరుగా ఉపయోగపడే వృత్తి.

లిపి, సాఫ్ట్‌వేర్

బ్రెయిలీలో సంకేతాలు ఆరు చుక్కల గడులతో ఏర్పడతాయి. ఒక్కో గడిని సెల్ అంటారు. భారతీయ భాషలన్నింటికీ ఉమ్మడిగా 1951లో రూపొందిన భారతి బ్రెయిలీలో ఒకే ధ్వనికి దాదాపు అన్ని భాషల్లోనూ ఒకే చుక్కలు ఉంటాయి కనుక, తెలుగు ‘క’ నేర్చినవారికి కన్నడ ‘క’ కూడా వచ్చినట్లే. అయితే ముద్రణలో కింద చేరే వత్తులు బ్రెయిలీలో ఉండవు. ‘అమ్మ’ అనే మాటలో ముందు ‘అ’, తరువాత పొల్లును సూచించే నాలుగో చుక్క, ఆ తరువాత రెండు ‘మ’లు వరుసగా, మొత్తం నాలుగు సెల్‌లలో వస్తాయి. ఈ మార్పిడిని 1975లో స్థాపితమైన అమెరికన్ సంస్థ డక్స్‌బరీ సిస్టమ్స్ రూపొందించిన డక్స్‌బరీ బ్రెయిలీ ట్రాన్స్‌లేటర్ క్షణాల్లో చేస్తుంది. లిబ్‌లూయీ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ కూడా ఇదే పని చేస్తుంది. దాని ఆధారంగా నడిచే బ్రెయిల్‌బ్లాస్టర్ ఉచితంగా లభిస్తుంది.

ఫార్మాటింగే అసలు నైపుణ్యం

ఏ4 కాగితంపై ఒక వరుసలో సుమారు 30 సెల్‌లే పడతాయి. పైగా బ్రెయిలీలో అక్షరాల పరిమాణాన్ని పెంచడానికి గాని, రంగు మార్చడానికి గాని వీలు లేదు. అందువల్ల చూపుతో చదివేవారికి పెద్ద అక్షరాలు చేసే పనిని ఇక్కడ ఖాళీ వరుస, వరుస మొదట విడిచే సెల్‌లు, పుట సంఖ్య ఉండే చోటు చేయవలసి వస్తుంది. సాధారణంగా ప్రధాన శీర్షిక వరుస మధ్యలో ఉంటుంది, పేరా మూడో సెల్‌లో మొదలవుతుంది. జాబితాలోని అంశం మొదటి సెల్‌లో మొదలై, మిగిలిన భాగం తరువాతి వరుసలో మూడో సెల్ నుంచి సాగుతుంది.

వర్డ్ ఫైలులో శీర్షికను స్పేస్‌బార్ నొక్కి మధ్యకు జరిపితే అది శీర్షిక అని సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. హెడింగ్ స్టైల్ ఇస్తేనే గుర్తించి తగిన రూపంలో అమరుస్తుంది. పద్యం విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ప్రాసాక్షరం ప్రతి పాదంలోనూ రెండో అక్షరం కనుక, నాలుగు పాదాలూ వేర్వేరుగా మొదటి సెల్‌లో ప్రారంభమైనప్పుడే చదివేవారి వేలికి ప్రాస వెంటనే అందుతుంది. అదే పద్యాన్ని వచనంలా కలిపి పోస్తే, అక్షరాలన్నీ సరిగా ఉన్నప్పటికీ, ఛందస్సు విద్యార్థికి దక్కదు.

మూలపాఠాన్ని శుద్ధి చేయడం కూడా ట్రాన్స్‌క్రైబర్ పనిలో భాగమే. అను, శ్రీలిపి, కన్నడ ‘నుడి’ వంటి టైపింగ్ సాఫ్ట్‌వేర్ల పాత ఫాంట్లలో టైపైన పుస్తకాలను ముందు యూనికోడ్‌లోకి మార్చకపోతే సాఫ్ట్‌వేర్ అర్థంలేని చుక్కలను ఇస్తుంది. మార్చిన తరువాత కూడా వత్తులు, గుణింతాలు తారుమారు కాలేదని సరిచూడాలి. పట్టికలను వరుసక్రమంలో వాక్యాలుగా విడదీయడం, బొమ్మలకు వివరణ రాయడం, గణితానికి నెమెత్ కోడ్ వంటి ప్రత్యేక సంకేతావళిని వాడడం పై మెట్టు నైపుణ్యాలు.

శిక్షణ, అవకాశాలు

ఈ వృత్తికి బెంగళూరు అనువైన నగరం. 1990 నుంచి పనిచేస్తున్న, హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లోని మిత్రజ్యోతి సంస్థ బ్రెయిలీ పుస్తకాల తయారీని తన సేవల్లో ఒకటిగా నడుపుతోంది. ఐఐఐటీ బెంగళూరు ప్రోత్సాహంతో ఎదిగిన విజన్ ఎంపవర్ అంధ బాలబాలికల విజ్ఞానశాస్త్ర, గణిత విద్యపై కృషి చేస్తోంది. తెలుగు, కన్నడ రెండూ చదవగలిగిన యువకులు ఈ నగరంలో రెండు భాషల పాఠ్యపుస్తకాలకూ పనికివస్తారు. తెలుగు రాష్ట్రాల్లోనే నేర్చుకోదలచినవారు దృష్టి వైకల్యంపై పనిచేసే దెహ్రాదూన్‌లోని జాతీయ సంస్థకు చెందిన సికింద్రాబాద్ ప్రాంతీయ శాఖను సంప్రదించవచ్చు.

చూపులేని అభ్యర్థులకు ప్రూఫ్‌రీడింగ్‌లో సముచిత స్థానముంది. కంటితో తెరపై సరిచూసినవారికి తెలియని అమరిక దోషాలు కాగితాన్ని వేలితో చదివేవారికి తేలికగా పట్టుబడతాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్ల వరకు పుస్తకాలను ఉచితంగా అందించాలని చెబుతోంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం లాభాపేక్ష లేని సంస్థలు పుస్తకాలను బ్రెయిలీలోకి మార్చుకోవడానికి వీలు కల్పించింది. ఈ రెండు చట్టాలూ ఈ పనికి పునాదులు.

ఈ రంగంలో కొలువులు వేలల్లో ఉండవు. కాబట్టి ట్రాన్స్‌క్రిప్షన్‌తో పాటు ఈ-పుస్తకాల తయారీ, వెబ్‌సైట్ల యాక్సెసిబిలిటీ పరీక్ష, ప్రత్యేక విద్యాబోధన వంటి వాటిలో ఒకదానిని జోడించుకోవడం వివేకం. ఆసక్తి ఉన్నవారు ముందుగా భారతి బ్రెయిలీ అక్షరాలు నేర్చుకుని, బ్రెయిల్‌బ్లాస్టర్‌తో సాధన మొదలుపెట్టి, పదో తరగతి తెలుగు వాచకంలోని ఒక పాఠాన్ని పద్యాలు, అభ్యాసాలతో సహా అమర్చి, బ్రెయిలీ చదివే వ్యక్తి చేత సరిచూపించుకోవాలి. ఉద్యోగ దరఖాస్తుకు ఆ పాఠాన్ని జతచేస్తే అభ్యర్థి సామర్థ్యానికి అదే తగిన రుజువు.