ఊరు అను మాట

మనము దినమునకు పలుమారులు పలుకు మాటలలో ‘ఊరు’ ఒకటి. క్రొత్తవాడెదురైనచో పేరడిగిన వెంటనే ‘మీదే యూరు?’ అని యడుగుదుము. ఇట్టి మాటకు నిఘంటువున గ్రామము, పట్టణము అని రెండు ముక్కలు చూచి పుస్తకము మూసివేయు విద్యార్థి దానిని సగమైనను గ్రహింపలేదని చెప్పవలెను.

మొదట నొక చిక్కు విప్పుకొందము. తెలుగున ‘ఊరు’ అను రూపముతో మూడు వేర్వేరు మాటలున్నవి. జనులు వసించు చోటు ఒకటి. రెండవది క్రియ: చెలమలో నీరూరును, చింతకాయను చూచిన నోరూరును. ఊటయు, ఊరగాయయు ఈ రెండవదాని సంతానమే. మూడవది సంస్కృతమునుండి వచ్చినది, తొడ యని యర్థము. కావ్యములు చదువునపుడు తప్ప దానితో మనకు పని లేదు. నీరూరిన తావున జనులు నిలిచిరి గనుక దానికి ఊరను పేరు కలిగెనని చెప్పువారున్నారు. వినుటకింపుగ నున్నను అది యూహయే. ఇదే మాట తమిళమునను, కన్నడమునను, మలయాళమునను ఇదే యర్థమున నున్నది. తంజావూరు, మైసూరు, నెల్లూరు అను పేళ్లను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఆ భాషలు ఒండొంటినుండి వేరుపడకమునుపే ఈ మాట పుట్టియుండెనని తెలియగలదు.

ఊరను మాటకు కొలత లేదు. ఇరువది యిండ్ల పల్లెయు ఊరే, విశాఖపట్టణమంతటి నగరమును ఊరే. ‘అతడు ఊరు వెళ్లినాడు’ అన్నను, ‘అతడు ఊరిలో లేడు’ అన్నను భావమొక్కటియే. వెళ్లినదియు ఊరే, లేనిదియు ఊరే! తెలుగు నేర్చుకొను పరభాషవారు ఇచ్చట తడబడుట సహజము. ‘ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి’ అను సామెతలో ఊరనగా ఇండ్లు కావు, మనుష్యులు. ‘ఊరు పొమ్మంటున్నది, కాడు రమ్మంటున్నది’ అని వృద్ధులనుకొనునపుడు ఊరనగా బ్రతుకే. ఊరపిచ్చుక, ఊరపంది మొదలగు మాటలలో మనుష్యుల చెంత మసలునది యని యర్థము. పెండ్లికొడుకును ఊరేగించుదుము, చెరువు ఊరుమ్మడి సొత్తందుము. ఊరు విడిచి యెన్ని తరములైనను అది ఇంటిపేరుగా వెంటవచ్చును. నెల్లూరి, ఏలూరి అను ఇంటిపేళ్లు వినియే యుందురు. అచ్చట ‘రు’ వర్ణము ‘రి’గా మారుట షష్ఠికి చిహ్నము, ఆ యూరివారని భావము.

ఇక ఊరు చుట్టములను చూతము. దూరము పోనక్కరలేదు, మన చోడవరము చుట్టుపట్లనే యున్నవి. అడ్డూరు అచ్చముగా ఊరే. బెన్నవోలున కనబడు తుదిభాగము ‘ప్రోలు’ అను ప్రాచీనపదమును పోలియున్నది, ప్రోలనగా పట్టణము. భట్టిప్రోలు, చేబ్రోలు అను పేళ్లలో ఆ మాట స్పష్టముగానే నిలిచినది. నిరవద్యప్రోలు మాత్రము జనుల నోళ్లలో అరిగి నిడదవోలైనది. వెంకన్నపాలెమున నున్న పాలెము మొదట సేన విడిసిన దండుతావు. పాళెగాడను మాటయు దానినుండియే వచ్చినది. నేడు పాలెములో దండు లేదు, దున్నుకొను రైతులున్నారు. బుచ్చయ్యపేటలోని పేట అంగళ్లుండు చోటు. తరువాత ఊరినంటి వెలసిన ప్రతి వీధికిని ఆ పేరే చెల్లినది. విజయనగరము దారిన పోవువారు చూచు కొత్తవలస, శ్రీకాకుళము దాపున నున్న ఆమదాలవలస అను పేళ్లలోని వలస, ఉన్న చోటు విడిచి వచ్చినవారు కట్టుకొన్న ఊరని తానే చెప్పుచున్నది. కొండలకెక్కినచో గూడెములు ఎదురగును.

పట్నము కథ వింతయైనది. విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము, మచిలీపట్నము, కృష్ణపట్నము, ఇవన్నియు కడలి యొడ్డున నున్నవే. ఓడ నిలుచు తావునకు పట్నమని పేరు. మరి నర్సీపట్నమునకు సముద్రమెక్కడ? మాటకు గౌరవము వచ్చిన పిమ్మట ఓడలు లేని చోటులును దానిని ధరించినవి.

చోడవరము, గంధవరము, లక్కవరము, జన్నవరము అని మన ప్రాంతమున ‘వరము’లు పెక్కు. దేవుడో రాజో ఇచ్చిన వరమని పామరులు చెప్పుకొందురు. తెలుగున మాటల కలయికయందు పకారము వకారమగుట బాలవ్యాకరణము చదివినవారెరిగినదే. ‘పురము’ అను మాట ఆ దారినే నలిగి ‘వరము’ అయ్యెననుట నాకు హెచ్చు సమంజసముగ తోచుచున్నది. ఇక చోడశబ్దము: 1070లో చోళసింహాసనమెక్కిన కులోత్తుంగచోడుని పేర విశాఖపట్టణమునకే కులోత్తుంగచోడపట్టణమని పేరుండినట్లు శాసనమువలన తెలియును. ఆ పేరు ఈ దేశమున ఎంత ప్రబలెనో దానివలననే యూహింపవచ్చును.

గోవాడను కడపటికి నిలిపితిని. ‘వాడ’ యనగా వీధి, ఇండ్ల వరుస. విజయవాడ, గుడివాడలలో నది పెద్దదైనది. కాని ‘ఊరూ వాడా ఏకమయినవి’ అనునపుడు రెండు మాటలేల వలసివచ్చినవి? వాడలోనివారు ఊరివారు కారా? కారనియే తరతరముల వాడుక. మాల మాదిగల యిండ్లు ఊరికెడముగా నుండెను. కూలికి బయలుదేరునపుడు వారు ‘ఊరిలోనికి పోవుచున్నాము’ అనిరి. వారు నిలిచినది అదే గ్రామపు నేల, వారి పేళ్లున్నది అదే కరణము లెక్కలలో. అయినను మాట వారిని బయట నిలిపినది. ‘ఊరంతయు వచ్చినది’ అని యొకరు చెప్పినపుడు ఎవరెవరిని లెక్కించినారో అడిగి తెలిసికొనవలసినదే. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో వెలువడిన తమ నవలకు ‘మాలపల్లి’ అని పేరిడుటలోని బలము ఈ సంగతి తెలిసినవారికే బోధపడును. ఊరు లెక్కింపని చోటు పుస్తకపు అట్టమీదికెక్కినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసినది. మాటలోని గోడ మాత్రము పలుచోట్ల నిలిచియే యున్నది.

లెక్కలయందును ఇట్టి లోపమొకటి కలదు. ప్రభుత్వమువారి దృష్టిలో ఊరనగా రెవెన్యూ గ్రామము. దానికి చేరిన చిన్న పల్లెలు శివారులు, మజరాలు. జనాభాలెక్కల పట్టీలలో పెద్ద గ్రామపు పేరే యుండును. శివారులోని జనుల సంఖ్య దానిలో కలిసిపోవును, శివారు పేరు కానరాదు. జిల్లాలు మారుచుండును, 2022 ఏప్రిల్ 4వ తేదీన చోడవరము విశాఖపట్టణము జిల్లానుండి అనకాపల్లి జిల్లాకు చేరినది. కాగితములు మారినను పట్టీకెక్కిన పేరునకు భయము లేదు. పట్టీకెక్కని పేళ్లు ముసలివారి నాలుకలమీదనే బ్రతుకుచున్నవి.

జనులు విడిచిపోయిన ఊరికి ‘పాడు’ అని పేరు. కోటపాడు వంటి పేళ్లలో నది కానవచ్చును. అట్టి తావులలోని మన్ను బలమైనదని రైతులు పాటిమన్ను పేర త్రవ్వి పొలములకు తోలుదురు. పెంకులు, పూసలు అందు దొరకుట కలదు. పొలములో కలిసిపోయిన ఆ యూరి పేరు ఒక్కొకచో ఆ చేని పేరుగా మాత్రము మిగిలియుండును.

కావున విద్యార్థులారా, ఈ సెలవులలో ఒక నోటుపుస్తకము తీసికొని మీ గ్రామములోని పేటలు, పాలెములు, వాడలు, గూడెములు, పాటిదిబ్బలు, చేల పేళ్లు తాతలనడిగి వ్రాసికొనుడు. పెద్దయూరి పేరు చివర వ్రాసినను చాలును. ముందుగా శివారుల పేళ్లు వ్రాయుడు. వాడలోని పేళ్లు వాడవారినే యడుగుడు. వారెట్లు పలికిరో అట్లే వ్రాయుడు. పాలెమును పురముగా దిద్దవలదు.