పెళ్లికార్డులో క్రారవడి

ఆత్మకూరు,
ఆదివారం

తమ్ముడూ,

పాత డీటీపీ ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే నీ టూల్‌కి ప్లగిన్లు పెడతానంటున్నావు. మంచిదే. అనుకి ఒకటి, శ్రీలిపికి ఒకటి, ఎవరిక్కావలసింది వాళ్లు రాసుకుంటారు. ఫోన్లో చెబితే సగం మింగేస్తానని ఉత్తరం పెడుతున్నా.

ప్లగిన్ అనగానే కోడే అనుకోకు. నీకొచ్చేవాటిలో ముప్పాతిక వంతు ఉత్త పట్టికే: ఈ గుర్తుకి ఈ అక్షరం అని. దాన్ని మామూలు టెక్స్ట్ ఫైల్‌గానే తీసుకో. లినక్స్‌లో ఎం17ఎన్ కీబోర్డులు అంతే. ఇన్‌స్క్రిప్టయినా ఆర్టీఎస్ అయినా ఒక్కోటీ ఒక టెక్స్ట్ ఫైలు. సొంతంగా రాసుకున్నది హోమ్ ఫోల్డర్లో దాని చోట పడేస్తే పనిచేస్తుంది. ప్రోగ్రాములు రాయడం రాని మన బస్టాండు డీటీపీ ఆయన కూడా దిద్దుకోగలడు.

పట్టికతో తీరనిదీ ఉంది. పెళ్లికార్డులో ‘పుత్రిక’ను మార్చి చూడు. కొన్ని పాత ఫాంట్లలో క్రారవడిని అక్షరానికి ముందే కొడతారు, కంటికి కనపడే వరసలో. యూనికోడ్‌లో ‘త’ తర్వాతే ర వత్తు. ఉన్నదున్నట్టు మారిస్తే ఆ వత్తు పోయి ‘పు’కి తగులుకుంటుంది. పెళ్లికూతురి తండ్రి ఊరుకుంటాడా? ఇక్కడ మటుకు కోడ్ కావాలి. అదీ ఒక్క ఫంక్షనే: అక్షరాల వరస ఇస్తావు, సర్దిన వరస తీసుకుంటావు. టూల్ లోపలివి ఇంకేవీ దాని చేతికివ్వకు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, వెన్న నాగార్జున రాసిన ‘పద్మ’ను వాడినవాణ్ణి. నీకప్పుడు పలకా బలపం. దినపత్రికలు తలా ఒక ఫాంటు పెట్టుకున్న రోజుల్లో వాటిని ఫైర్‌ఫాక్స్‌లో యూనికోడ్‌గా చూపించిన పొడిగింత అది. అప్పటి పొడిగింతలు బ్రౌజరు కడుపులో చెయ్యిపెట్టి ఏదైనా కదిలించగలిగేవి. రాసేవాళ్లకు పండగే. కానీ లోపల ఏది సవరించినా ఎవరిదో ఒకటి చెడేది. చివరికి 2017 నవంబరులో 57వ వెర్షన్‌తో ఆ పద్ధతినే ఎత్తేశారు. తిరగరాయనివేవీ అందులో నడవలేదు.

నువ్వు టూల్ రాస్తున్న పైథాన్‌తో ఇంకో చిక్కు. ప్లగిన్ల పేర్ల జాబితా చూపడానికని వాటిని ఇంపోర్ట్ చేసినా చాలు, లోపలి కోడ్ నడిచేస్తుంది, వాడేవాడి ఫైళ్లన్నిటి మీదా అధికారంతో. అందుకని పేరూ వెర్షనూ పక్కన చిన్న ఫైల్లో రాయించు. అది చూపించి, సరేనన్నాకే లోడ్ చెయ్యి. పని చేస్తున్న ఫోల్డర్లో దొరికినదాన్ని మాత్రం ఎక్కించనే వద్దు. పెళ్లికార్డుల జిప్‌తోపాటు ఏం దిగుతుందో ఎవరికి తెలుసు? ఒకటి పాడైతే దాని పేరు చెప్పి, మిగతావి నడిపించు.

మొదటి ప్లగిన్ నువ్వే రాయి. అను పట్టికను టూల్‌లోంచి పీకి బయటపెట్టు. రానని మొరాయిస్తే నీ ఏర్పాటు ఇంకా కుదరలేదన్నమాట. ఉదయగిరి చెక్క చెంచాలవాళ్ల ధరల పట్టీ అనులోనే ఉందన్నావుగా, ‘నర్ది’, ‘బిక్కి’ అనే కర్రల పేర్లు సరిగా పడ్డాయో లేదో దాంతోనే చూడు. ఈసారి వచ్చేటప్పుడు వాళ్ల దగ్గర రెండు గరిటెలు కూడా పట్టుకురా. పిన్నిని అడిగానని చెప్పు.

నీ అన్న