కంటికి కనిపించని సొత్తు

పాఠ్యభాగ ఉద్దేశం

సాఫ్ట్‌వేర్ నిర్మాణంలోను, పంపిణీలోను ఎదురయ్యే న్యాయపరమైన సమస్యలను పరిచయం చేయడం, ఇతరుల మేధోశ్రమను గౌరవించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి హైదరాబాదులోని మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. బండరాళ్ళతో నిండిన ఆ ప్రాంతం అనతికాలంలోనే హైటెక్ సిటీగా రూపుదిద్దుకొంది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు విస్తరించి సైబరాబాదుగా ప్రసిద్ధి పొందింది. అక్కడి కార్యాలయాలలో వేలాదిమంది రేయింబవళ్ళు శ్రమించి తయారుచేసే ప్రధాన వస్తువు సాఫ్ట్‌వేర్. అది చేతికి తగలదు, కంటికి కనిపించదు. అయినా దాని విలువ అపారం.

పొలానికి గట్టు ఉంటుంది, ఇంటికి గోడ ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు హద్దు ఏది? ఇంటిలోని బిందెను దొంగ ఎత్తుకుపోతే అది యజమానికి లేకుండా పోతుంది. సాఫ్ట్‌వేర్‌కు నకలు తీసినప్పుడు అసలు ప్రతి యజమాని దగ్గరే భద్రంగా ఉంటుంది. అటువంటప్పుడు దొంగిలించినది ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత చట్టంపై పడింది.

మన దేశంలో కాపీరైటు చట్టం 1957లో వచ్చింది. 1984లో చేసిన సవరణ ద్వారా కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కోవలో చేర్చారు. కావ్యాన్నీ కంప్యూటర్ ప్రోగ్రామునూ ఒకే గాటన కట్టడం వింతగా తోచవచ్చు. కాని రెండూ మనిషి ఆలోచించి, అక్షరాలలోనో సంకేతాలలోనో కూర్చిన రచనలే. అయితే ఈ హక్కు రక్షించేది రచనను మాత్రమే గాని అందులోని భావాన్ని కాదు. ఒకే అంశంపై ఇద్దరు విద్యార్థులు ఎవరికి వారు వ్యాసం రాస్తే తప్పు లేదు. ఒకరి వ్యాసాన్ని మరొకరు ఎత్తి రాస్తే తప్పు. సాఫ్ట్‌వేర్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఉద్యోగి తన విధులలో భాగంగా రాసిన ప్రోగ్రాముపై, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి హక్కు యజమానిదే అవుతుంది. అందువల్ల ఒక సంస్థను వీడి మరొక సంస్థలో చేరే ఉద్యోగి తన నైపుణ్యాన్ని వెంట తీసుకొని పోవచ్చును గాని, పాత సంస్థ కోసం రాసిన ప్రోగ్రామును తీసుకొని పోరాదు.

సాఫ్ట్‌వేర్ రచన సరే, అది సరుకు కూడానా? ఈ వివాదం మన రాష్ట్రం నుండే సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. సీడీలలో ఉంచి విక్రయించే సిద్ధ సాఫ్ట్‌వేర్‌పై నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమ్మకం పన్ను కోరింది. సాఫ్ట్‌వేర్ మేధాసంపద మాత్రమేననీ, తాకడానికి వీలుకాని దానిని సరుకుగా పరిగణించరాదనీ టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ వాదించింది. 2004 నవంబరు 5న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ వాదాన్ని తోసిపుచ్చింది. మేధస్సు నుండి పుట్టినదైనప్పటికీ, ఒక మాధ్యమంలో చేర్చి, కొనడానికి, అమ్మడానికి, నిల్వ చేయడానికి వీలైనది సరుకేనని తీర్పు చెప్పింది. పుస్తకంలోని కవిత్వాన్ని తూకం వేయలేము. అయినా పుస్తకం అంగడిలో అమ్ముడుపోయే వస్తువే కదా!

అంతకుముందే, 2003లో, హైదరాబాదులో మరొక వివాదం తలెత్తింది. రిలయన్స్ ఇన్ఫోకామ్ సంస్థ సుమారు 10,500 రూపాయల విలువ గల సెల్‌ఫోనును, తొలుత 3,350 రూపాయలు, ఆపై నెలకు 600 రూపాయలు చెల్లించే పద్ధతిపై, మూడేళ్ళ సేవలతో కలిపి ఇచ్చింది. ఆ ఫోను ఆ సంస్థ సేవలకు మాత్రమే పనిచేసేలా సాంకేతికంగా బిగించబడింది. టాటా ఇండికామ్‌కు చెందిన కొందరు ఉద్యోగులు ఫోనులోని సంకేతాలను మార్చి, వినియోగదారులను తమ సేవల వైపు మళ్ళించారని సి.ఐ.డి. పోలీసులు అభియోగం మోపారు. కేసును కొట్టివేయాలని కోరుతూ ఆ ఉద్యోగులు హైకోర్టును ఆశ్రయించారు. తనకు నచ్చిన సేవను ఎంచుకొనే స్వేచ్ఛ వినియోగదారునికి ఉన్నదనీ, సెల్‌ఫోను అసలు కంప్యూటరే కాదనీ వారి వాదన.

2005 జులై 29న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు వెలువరించింది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని నిర్వచనం ప్రకారం సెల్‌ఫోను కంప్యూటరేనని న్యాయస్థానం స్పష్టం చేసింది. ఫోనులోని గుర్తింపు సంకేతాన్ని మార్చడం ఆ చట్టంలోని 65వ సెక్షను పరిధిలోకి రాగలదని పేర్కొంది. భారత శిక్షాస్మృతి కింద మోపిన అభియోగాలను కొట్టివేసి, సమాచార సాంకేతిక చట్టం, కాపీరైటు చట్టాల కింద దర్యాప్తు కొనసాగడానికి అనుమతించింది. అది దోష నిర్ధారణ కాదు. నేరం జరిగిందా, లేదా అన్నది సాక్ష్యాధారాలతో తేలవలసిన విషయం. అయినా, జేబులోని చిన్న పరికరాన్ని సైతం చట్టం కంప్యూటరుగా చూస్తుందని ఆ తీర్పు తేటతెల్లం చేసింది.

ఈ వివాదం మన ముందుంచే ప్రశ్న ఒకటున్నది. డబ్బు చెల్లించి కొన్న వస్తువులో మనకు దక్కేది ఎంత? సీడీ కొన్నవాడు దానిలోని ప్రోగ్రాముకు యజమాని కాడు. దానిని వాడుకొనే అనుమతిని మాత్రమే పొందుతాడు. ఆ అనుమతి హద్దులను తెలిపే పత్రమే లైసెన్సు. ప్రోగ్రాము పాడైతే ఉపయోగపడేందుకు ఒక అదనపు ప్రతిని దాచుకోవడానికి చట్టం అంగీకరిస్తుంది. కాని అక్రమ నకలు అని తెలిసి తెలిసి దానిని కంప్యూటరులో వాడితే ఏడు రోజుల నుండి మూడేళ్ళ వరకు జైలుశిక్ష, యాభై వేల నుండి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. లాభాపేక్ష లేని సందర్భాలలో న్యాయస్థానం తగిన కారణాలు చూపి శిక్షను తగ్గించవచ్చు.

మరి డబ్బు లేని విద్యార్థికి దారి ఏది? అతనికి చౌర్యం ఒక్కటే మార్గం కాదు. వాడుకోవడానికి, పరిశీలించడానికి, మార్చడానికి, పంచడానికి రచయితలే అనుమతి ఇచ్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉన్నది. ఈ భావాన్ని 1980లలో అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ ఉద్యమంగా మలిచాడు. హైదరాబాదులో 'స్వేచ్ఛ' అనే సంస్థ తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టం కోసం కృషి చేసింది. అయితే స్వేచ్ఛ అంటే నియమరాహిత్యం కాదు. ఆ సాఫ్ట్‌వేర్‌కూ లైసెన్సు ఉన్నది. ఆ లైసెన్సుకు బలం కాపీరైటు చట్టం నుండే లభిస్తుంది.

నేడు నకలు తీసే విద్యార్థే రేపు సైబరాబాదులో ప్రోగ్రాము రాసే నిపుణుడు కావచ్చు. తన శ్రమను ఇతరులు గౌరవించాలని కోరుకొనేవాడు ముందుగా ఇతరుల శ్రమను గౌరవించాలి. కంటికి కనిపించని సొత్తుకు చట్టం గట్టు వేయగలదు. ఆ గట్టును దాటని సంస్కారం మాత్రం మనలో నుండే రావాలి.

కఠిన పదాలకు అర్థాలు

అనతికాలం = కొద్దికాలం
అభియోగం = నేరారోపణ
తోసిపుచ్చు = నిరాకరించు
తేటతెల్లం = మిక్కిలి స్పష్టం
నియమరాహిత్యం = కట్టుబాటు లేకపోవడం

అభ్యాసం

1. కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కోవలో చేర్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. 2003 నాటి సెల్‌ఫోను వివాదంలో ఉద్యోగుల వాదనను, హైకోర్టు నిర్ణయాన్ని తెలపండి.
3. సాఫ్ట్‌వేర్‌ను సరుకుగా పరిగణించడానికి సుప్రీంకోర్టు చూపిన కారణం ఏమిటి?
4. కొన్న వస్తువును ఇష్టానుసారం మార్చుకొనే హక్కు వినియోగదారునికి ఉండాలా? మీ అభిప్రాయాన్ని సకారణంగా రాయండి.