ఫొటోలో పిట్ట ఏం చేస్తోంది?

పిల్లలూ, మా తెలుగు తరగతి బయట వరండాలో ఒక బోర్డు ఉంది. ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు తాము తీసిన పక్షి ఫొటోనో, జంతువు ఫొటోనో దానికి గుచ్చుతారు. మిగతావాళ్ళు కింద వేలాడే కాగితం మీద తమ అభిప్రాయం తెలుగులో రాయాలి. పిల్లల చేత నాలుగు వాక్యాలు రాయించడానికి పెట్టిన ఉపాయమే ఇది, దాచడమెందుకు! మొదటి నెల కాగితాలన్నీ ముందేసుకుని చూస్తే మాకు కనిపించిన మాటలు మూడే: బాగుంది, సూపర్, బ్లర్.

ఈ మూడింటిలో ఏది చదివినా ఫొటో తీసినవాళ్ళకు రేపు ఏం చేయాలో తెలియదు. అయినా మేము పట్టించుకోలేదు. వాక్యం తప్పులు దిద్దుతూ కూర్చున్నాం.

డిసెంబరులో గువాహటి నుంచి ఒక అబ్బాయి ఏడో తరగతిలో చేరాడు. వాళ్ళ నాన్నగారికి బదిలీ. వచ్చిన రెండో వారమే బోర్డు మీద ఫొటో పెట్టాడు. బట్టతల, బారెడు ముక్కు, మెడ కింద వేలాడే నారింజ రంగు సంచి, దాదాపు ఐదడుగుల ఎత్తున్న కొంగ. చుట్టూ చెత్త. "ఇది రాబందా?" అని ఒకరు రాశారు. "చెత్త కనిపించకుండా కట్ చెయ్" అని ఇంకొకరు. మేము కూడా ఎర్ర సిరాతో "వెనక శుభ్రంగా ఉన్న చోట తీయాల్సింది" అని రాశాం. భోజనాల గంట కొట్టకముందే ఆ ఫొటో బోర్డు మీద లేదు. వాడు దాన్ని సంచిలో పెట్టేసుకున్నాడు. ఆ తర్వాత మూడు వారాలు బోర్డు దగ్గరికి రాలేదు.

చివరికి మేమే పిలిచి అడిగాం, "ఎక్కడ తీశావు నాన్నా ఆ ఫొటో?" అని. అప్పుడు చెప్పాడు. ఆ పక్షి పేరు హర్గిలా. అస్సామీ భాషలో ఎముకలు మింగేది అని అర్థం. ఊరి చివర చెత్త పోసే చోటికి మాంసం ముక్కల కోసం గుంపులుగా వస్తుంది. అంటే మనం కోసెయ్యమన్న చెత్తే దాని అన్నపు పళ్ళెం! ఇప్పుడు ఈ కొంగలు అస్సాంలో, బిహార్‌లోని భాగల్‌పూర్ ప్రాంతంలో, దేశం దాటితే కంబోడియాలో కనిపిస్తాయి. ఒకప్పుడు అపశకునమని అస్సాం పల్లెల్లో ఇవి గూళ్ళు కట్టిన చెట్లు కొట్టేసేవారు. ఇప్పుడు అక్కడే పూర్ణిమా దేవి బర్మన్ అనే శాస్త్రవేత్త వెంట వేలమంది ఆడవాళ్ళు ఆ గూళ్ళకు కాపలా కాస్తున్నారు. తాము నేసే బట్టల మీద హర్గిలా బొమ్మలు నేస్తున్నారు. ఇంత కథ ఉన్న ఫొటోకు మేము ఇచ్చింది ఒక ఎర్ర గీత.

కొత్త బడిలో మొదటి రోజు మన యాస విని నవ్వినవాళ్ళు మనలో ఎవరికి గుర్తులేరు? వాడికీ అలాగే అనిపించి ఉంటుంది.

అప్పటినుంచి పద్ధతి మార్చుకున్నాం. కాగితం మీద మొదటి వాక్యంలో మెచ్చుకోకూడదు, తప్పు పట్టకూడదు. పిట్ట ఏం చేస్తోందో రాయాలి. వాలింది, పొంచింది, ఈకలు దువ్వుకుంటోంది, రెక్కలు విదిలించింది, ఒంటికాలి మీద నిలబడి కునుకు తీస్తోంది. తెలుగులో పిట్టకు సరిపడే క్రియలకు కరువా! సరైన క్రియ దొరకాలంటే ఫొటోను రెండు నిమిషాలు చూడక తప్పదు. రెండో వాక్యం ప్రశ్న: ఎక్కడ తీశావు, ఎంత దూరంలో ఉన్నావు, అది ఎటు చూస్తోంది? ఆ తర్వాతే సలహా. అదీ ఒక్కటే.

సలహా ఇచ్చేటప్పుడు వ్యాకరణం కూడా చూసుకోవాలి. "తీయాల్సింది" అంటే అయిపోయిన పనికి దెప్పడం. పిట్ట ఎగిరిపోయింది, ఇప్పుడేం చేస్తాడు? "ఈసారి కూర్చుని తీసి చూడు" అంటే అందులో రేపటి పని ఉంది. నేల మీద తిరిగే గోరువంకను నిలబడి తీస్తే వీపు మాత్రమే పడుతుంది. కూర్చుంటే దాని కన్ను మన కంటికి ఎదురవుతుంది. కన్ను స్పష్టంగా ఉంటే తోక కాస్త మసకైనా పరవాలేదు. తెల్లకొంగ ఈకలు సున్నం పూసినట్టు ఏకమైపోతే, ఫోన్ తెర మీద కొంగను ఒకసారి తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొద్దిగా కిందికి జరపమనండి. ఎగిరే పక్షి మసకబారితే, కెమెరా ఉన్నవాళ్ళు షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకో, అంతకన్నా వేగంగానో పెట్టుకోవచ్చు. ఫోన్‌లో జూమ్ బాగా లాగితే ఈకలన్నీ ముద్దగా అలుక్కుపోతాయి. అంతకంటే పెద్ద చెరువులో చిన్న పిట్టే నయం. అది ఎటు చూస్తోందో అటువైపు కాస్త చోటు వదిలితే ఇంకా బాగుంటుంది.

ఇక మెచ్చుకోకూడని ఫొటో గురించి. మార్చిలో ఒక అమ్మాయి బుల్‌బుల్ గూడు ఫొటో తెచ్చింది. మూడు పిల్లలు, మూడు తెరిచిన నోళ్ళు, వెలుతురు చక్కగా పడింది. కింద "సూపర్" అని రాసినవాళ్ళు ఇరవైముగ్గురు. కొత్త పద్ధతి గాలికి ఎగిరిపోయింది. ఐదో తరగతి పాప ఒక్కతే "గూటి మీద ఆకులేవి?" అని రాసింది. ఫొటో తెచ్చిన అమ్మాయి అబద్ధమాడలేదు. పిల్లలు బాగా కనపడాలని కొమ్మ వంచి, అడ్డొచ్చిన ఆకులు తుంచానని చెప్పింది. సోమవారానికి గూడు ఖాళీ. కాకి పనో, పిల్లి పనో ఎవరూ చూడలేదు. చాటు లేకుండా పోయిన మాట మాత్రం నిజం.

ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అనకూడదని ముందే చెప్పాం. తప్పు ఆమె ఒక్కదానిదే కాదు. గూడు ఫొటోలు గుచ్చవద్దని మేము ముందే చెప్పి ఉంటే సరిపోయేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అన్న మాటకు ఇచ్చిన అర్థంలో అడవి పక్షుల గుడ్లను, గూళ్ళను కదిలించడం కూడా ఉందని ఆ రోజే చదివి వినిపించాం. ఇప్పుడు మా బోర్డు మీద గూళ్ళు ఉండవు. అలాంటి ఫొటో ఎవరైనా చూపిస్తే ముందు అడిగేది ఆ పాప ప్రశ్నే.

హర్గిలా ఫొటో మళ్ళీ బోర్డెక్కింది, చెత్తతో సహా. దాని కింద కాగితం నిండిపోయి వెనక పక్క కూడా రాశారు. ఒకడు మాత్రం, "దాని కాలి వేళ్ళు ఫొటోలో తెగిపోయాయి, ఈసారి ఒక అడుగు వెనక్కి వేసి తీయి" అన్నాడు. గువాహటి అబ్బాయి కోప్పడలేదు. "అడుగు వెనక్కి వేస్తే మురుగులో పడేవాణ్ణి" అని కింద రాశాడు.

అభ్యాసం: ఈ సంచిక అందేసరికి మీలో కొందరు కొత్త ఊళ్ళో ఉంటారు. ఆ ఊళ్ళో మొదట కనిపించిన పక్షిని దూరం నుంచే ఫొటో తీయండి. దాన్ని మీ పక్క బల్లమీది పిల్లవాడికో, పిల్లకో ఇచ్చి, ముందు ఒక క్రియ, తర్వాత ఒక ప్రశ్న, చివర ఒక సలహా రాయమనండి. ఆ పక్షిని అక్కడ ఏమని పిలుస్తారో కూడా అడిగి, ఆ పేరును తెలుగు లిపిలో రాసుకోండి.