చలికాలంలో వినికిడి యంత్రం: పాటించవలసిన జాగ్రత్తలు

కొండాపూర్, గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతాలలో ఉద్యోగస్థులైన సంతానం వద్ద నివసించే వృద్ధులు పుష్యమాసపు ఉదయాన మంకీ క్యాపు ధరించి వ్యాహ్యాళికి వెళ్తారు. ఇంటికి వచ్చి, వేడి వంటగదిలో కాఫీ త్రాగుతుండగా చెవిలోని యంత్రం మూగబోతుంది. "నా చెవుడు ముదిరింది" అని దిగులుపడి, నాటినుండి నలుగురిలో మాట తగ్గించుకొంటారు. ఇటువంటప్పుడు ముందుగా అనుమానించవలసినది యంత్రంలో చేరిన తేమను.

కారణం ఏమిటి?

చల్లబడిన వస్తువుకు వెచ్చని తేమగాలి తగిలితే దానిపై నీటి బిందువులు ఏర్పడతాయి. ఐసునీళ్ల గ్లాసు చుట్టూ చెమ్మ పట్టడం మనకు తెలిసినదే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట హైటెక్ సిటీలో ఏసీ కార్యాలయాలు విస్తరించాయి. వాటినుండి వర్షాకాలపు ఉక్కలోనికి వచ్చేవారి యంత్రాలకూ ఇదే ఇబ్బంది కలుగవచ్చు.

జింక్-ఎయిర్ బ్యాటరీ గాలిలోని ప్రాణవాయువును గ్రహించి విద్యుత్తునిస్తుంది. చలిలో ఈ రసాయనిక చర్య మందగిస్తుంది. మన నగరపు చలిలో ఈ నష్టం స్వల్పమే అయినా, అరిగిన బ్యాటరీ త్వరగా ఆగిపోవచ్చు.

నిత్యం పాటించవలసినవి

1. స్నానానికి, ఆవిరి పట్టడానికి, సాంబ్రాణి ధూపానికి ముందు యంత్రాన్ని తీసివేయాలి.

2. రాత్రివేళ మెత్తని పొడిగుడ్డతో తుడిచి, బ్యాటరీ తీసి, దాని తలుపు తెరచి, సిలికా జెల్ ఉన్న మూతడబ్బాలో యంత్రాన్ని ఉంచాలి. బ్యాటరీని ఆ డబ్బాలో ఉంచరాదు, ఎండిపోతుంది.

3. తడిసిన యంత్రాన్ని ఎండలో గాని, పొయ్యి వద్ద గాని ఆరబెట్టరాదు.

4. కొత్త బ్యాటరీకి అంటించిన కాగితం తీసిన తరువాత ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి అమర్చాలి.

5. బిగుతైన మఫ్లరు, హెల్మెట్ వలన ఈల శబ్దం రావచ్చు. వదులుగా కట్టుకోవాలి.

6. బ్యాటరీలను పిల్లలకు అందనీయరాదు. మింగితే క్షణమైనా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

తైలం విషయంలో

చరక సంహిత సూత్రస్థానం దినచర్యలో కర్ణతర్పణాన్ని చెప్పింది. అయితే కర్ణభేరికి రంధ్రమున్నవారు, చెవి కారేవారు తైలం వేయరాదు. తక్కినవారు వైద్యుని సలహాతోనే వేసుకోవాలి. చెవిలో జిడ్డు పూర్తిగా పోయేవరకు యంత్రం ధరించరాదు. తైలం, గుబిలి దాని సన్నని ద్వారాన్ని మూసివేస్తాయి.

లోపం చెవిదా, యంత్రానిదా?

యంత్రాన్ని పనిచేయించి గుప్పిట మూయండి. ఇంటివారికి ఈల వినిపిస్తే యంత్రం పనిచేస్తున్నట్లే. కొన్ని కొత్త యంత్రాలలో ఈల రాకపోవచ్చు. కొత్త బ్యాటరీ వేసి, ఒక రాత్రి ఆరబెట్టినా పలకకపోతే ఆడియాలజిస్టుకు చూపించండి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నది.

యంత్రం బాగుండి వినికిడి హఠాత్తుగా తగ్గితే గృహవైద్యంతో కాలం గడపక ఆనాడే చెవి వైద్యుని దర్శించాలి. ఆలస్యమైన కొద్దీ తిరిగి వినగలిగే అవకాశం సన్నగిల్లుతుంది.